పేరు ఇంకా తెలియని నరాల బాధ: ఎదురుచూసే కాలంలో ఏం చేయాలి?



సూరత్ నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, తాపీ నది అరేబియా సముద్రంలో కలిసే ప్రాంతానికి దగ్గరగా డుమస్ అనే ఊరు ఉంది. అక్కడి తీరంలో ఇసుక నల్లగా ఉంటుంది. సూరత్‌లో మరమగ్గాల మీద, బట్టల మార్కెట్లలో పనిచేసే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయని మీలో కొందరికి తెలిసే ఉంటుంది. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళి లింబాయత్ వంటి పేటల్లో వారు స్థిరపడ్డారు. అక్కడి మునిసిపల్ పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఆదివారం సాయంత్రం కాస్త గాలి పీల్చుకోవాలంటే ఆ కుటుంబాలు డుమస్ తీరానికి వెళతాయి, వేడి వేడి టమోటా భజియాలు తింటాయి.

2004లో సంక్రాంతి సెలవులకు నేను సూరత్‌లోని మా అన్నయ్య ఇంటికి వెళ్ళాను. అప్పుడు నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతున్నాను. వయసు ముప్ఫై దాటింది. అందరం కలిసి డుమస్ వెళ్ళాం. చెప్పులు విడిచి తడి ఇసుకలో నడుస్తుంటే ఒక వింత గమనించాను. ఎడమ పాదం కింద ఇసుక ఉన్నట్టే తెలియడం లేదు. మందమైన గోనెపట్టా మీద నడుస్తున్నట్టుంది. కుడి పాదానికి ఇసుక చక్కగా తెలుస్తోంది. కానీ అల వచ్చి తగిలినప్పుడు ఆ కుడి పాదానికి నీళ్ళు చల్లగా అనిపించలేదు. పిల్లలేమో "అబ్బ, ఎంత చల్లగా ఉన్నాయో" అని ఎగురుతున్నారు.

ప్రయాణపు అలసట అనుకున్నాను. మూడు రోజుల్లో ఆ మొద్దుబారడం మోకాలి దాకా పాకింది. అప్పటి నుంచి ఆ బాధకు ఒక పేరు దొరుకుతుందేమోనని ఎదురుచూడడం మొదలైంది. ఈ పాఠంలో మనం మాట్లాడుకునేది ఆ ఎదురుచూపు గురించే. వైద్యులు "ఇంకా చెప్పలేం, కొంతకాలం చూద్దాం" అన్నప్పుడు దాని అర్థం ఏమిటి? ఆ కాలాన్ని మనం ఎలా గడపాలి?

నాడి వార్త మోసే తీరు

ముందుగా శరీరంలో జరిగేది తెలుసుకుందాం. పాదం నేలను తాకగానే చర్మంలోని గ్రాహకాలు విద్యుత్ సంకేతాన్ని పుట్టిస్తాయి. ఆ సంకేతం నాడీతంతువు వెంట కాలిలో పైకి వెళ్ళి, వెన్నుపాములో ప్రవేశించి, మెదడుకు చేరుతుంది. నాడిలో వార్త ఎంత వేగంతో ప్రయాణిస్తుందో మొదటిసారి కొలిచినవాడు జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్. 1850లో కప్ప నాడి మీద చేసిన ప్రయోగాల్లో ఆ వేగం సెకనుకు సుమారు 30 మీటర్లని తేలింది. మనలో స్పర్శ వార్తలు మోసే నాడుల వేగం సెకనుకు 50 మీటర్లు అనుకుంటే, 1.5 మీటర్ల దారికి పట్టే కాలం సెకనులో నూరింట మూడు వంతులు మాత్రమే.

ఈ వేగానికి కారణం నాడీతంతువు చుట్టూ ఉండే మైలిన్ అనే కొవ్వు తొడుగు. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే దీన్ని ఊహించుకోవచ్చు. ఒక తేడా ఉంది. మైలిన్ తొడుగు మధ్య మధ్య చిన్న ఖాళీలు ఉంటాయి. సంకేతం ఆ ఖాళీ నుంచి ఈ ఖాళీకి గెంతుతూ సాగుతుంది. తొడుగు లేని సన్నని నాడుల్లో వేగం సెకనుకు రెండు మీటర్లకు మించదు. కనుక మైలిన్ దెబ్బతింటే వార్త ఆలస్యమవుతుంది, తడబడుతుంది, లేదా మధ్యలోనే ఆగిపోతుంది. అప్పుడు తిమ్మిరి, మొద్దుబారడం, చూపు మసకబారడం, కాలు ఈడ్చడం వంటివి కనిపిస్తాయి.

ఇక్కడే చిక్కంతా ఉంది. వార్త ఆగిందని లక్షణం చెబుతుంది గాని, ఎందుకు ఆగిందో చెప్పదు. బి12 విటమిన్ లోపం, మధుమేహం, వెన్నెముకలో డిస్కు ఒత్తిడి, వైరస్, విషపదార్థం, శరీర రక్షణ వ్యవస్థే పొరబడి సొంత నాడుల మీద దాడి చేయడం, వీటిలో ఏదైనా పాదానికి తిమ్మిరి తేగలదు. తలుపు ఒకటే, తట్టేవారు పదిమంది.

వైద్యుడి మూడు ప్రశ్నలు

హైదరాబాదులో నన్ను చూసిన న్యూరాలజిస్టు మొదటి అరగంట ఏ యంత్రాన్నీ వాడలేదు. దూదితో తాకారు, గుండుసూది మొనతో మెల్లగా గుచ్చారు. మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టారు. కళ్ళు మూసి నిలబడమన్నారు. తరువాత ఒక శృతిదండాన్ని మోగించి, దాని కాడను నా కాలి బొటనవేలి ఎముక మీద ఆనించారు. సెకనుకు 128 కంపనాలు చేసే శృతిదండం అది. మా ప్రయోగశాలలో నేను రోజూ పిల్లలకు చూపించే పరికరమే. కుడి వేలికి ఆ కంపనం తెలిసింది. ఎడమ వేలికి ఏమీ తెలియలేదు.

"ఇంకేమైనా గమనించారా?" అని అడిగారు. అది చెప్పదగ్గ విషయమే కాదనుకుంటూ, సముద్రపు నీళ్ళు కుడి కాలికి చల్లగా లేవన్నాను. ఆయన రాస్తున్న కలం ఆపి తలెత్తారు. "అది చాలా ముఖ్యమైన సంగతి" అన్నారు.

ఎందుకో చూడండి. స్పర్శ, కంపనం మోసే నాడులు వెన్నుపాములో ప్రవేశించాక అదే పక్కన పైకి వెళతాయి. నొప్పి, చలి, వేడి మోసే నాడులు దాదాపు ప్రవేశించిన చోటనే రెండో పక్కకు దాటి పైకి వెళతాయి. కాబట్టి వెన్నుపాములో ఎడమ సగం ఒక చోట దెబ్బతింటే ఎడమ కాలికి స్పర్శ పోతుంది, కుడి కాలికి చలి తెలియదు. ఈ సంగతిని 19వ శతాబ్దం మధ్యలో బ్రౌన్-సెకార్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు. డుమస్ తీరంలో నా రెండు పాదాలూ చెప్పిన రెండు వేర్వేరు కబుర్లు కలిసి దెబ్బ తగిలిన చోటును చూపించాయి. అనగా కారణం కాలిలో లేదు. వెన్నుపాములో, ఎడమ పక్కన ఉంది.

నరాల వైద్యంలో అడిగే మొదటి ప్రశ్న "ఎక్కడ?" అనేది. మెదడులోనా, వెన్నుపాములోనా, కాలి నాడిలోనా, కండరంలోనా?

రెండో ప్రశ్న "ఎంత వేగంగా వచ్చింది?" అనేది. క్షణాల్లో వచ్చిందంటే రక్తనాళం మూసుకుపోయిందేమో, మూర్ఛ ఏమో చూస్తారు. గంటల్లో, రోజుల్లో పెరిగిందంటే వాపు గాని, ఇన్‌ఫెక్షన్ గాని అనుమానిస్తారు. నెలలు, ఏళ్ళ మీద మెల్లగా పెరిగితే విటమిన్ లోపం, కణితి, నాడీకణాల క్షీణత వంటివి ఆలోచిస్తారు.

మూడోదే "ఏమిటి?" అనే ప్రశ్న. మనందరికీ మొదట కావలసింది ఇదే. వైద్యుడికి మాత్రం చివర దొరికేది ఇది.

"కొంతకాలం చూద్దాం" అంటే?

ఎం.ఆర్.ఐ. చిత్రంలో నా వెన్నుపాములో ఒక చిన్న మచ్చ కనబడింది. బి12 సరిపోయినంత ఉంది. మిగతా రక్త పరీక్షలు బాగున్నాయి. కొద్ది రోజులు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. "ఇది ఒక్కసారి వచ్చి మళ్ళీ రాకుండా పోవచ్చు. మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే జబ్బుకు మొదటి దాడి కూడా కావచ్చు. మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం" అన్నారు.

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇంత పెద్ద యంత్రంలో ఫొటో తీసి కూడా చెప్పలేకపోవడమేమిటి అనుకున్నాను. ఆ మూడు నెలల లెక్క వెనుక ఉన్న తర్కం తరువాత అర్థమైంది.

మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే పేరు పెట్టాలంటే, మైలిన్ మీద దాడి కేంద్ర నాడీ వ్యవస్థలో ఒకటి కంటే ఎక్కువ చోట్ల, ఒకటి కంటే ఎక్కువ సార్లు జరిగినట్టు రుజువు కావాలి. చోటు వేరు కావాలి, సమయం వేరు కావాలి. ఒక్క మచ్చ, ఒక్క రోజు తీసిన ఒక్క చిత్రం ఆ రెండో సంగతి చెప్పలేవు. 2001లో అంతర్జాతీయ నిపుణులు ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, మొదటి దాడి తర్వాత కనీసం 3 నెలలు ఆగి తీసిన చిత్రంలో కొత్తగా ఏం కనబడిందన్నది ఒక సాక్ష్యం. అంటే ఆగడం కూడా పరీక్షలో భాగమే. రసాయనశాస్త్ర ప్రయోగంలో అవక్షేపం దిగేదాకా పరీక్షనాళికను కదపకుండా ఉంచుతాం కదా, అటువంటిదే ఇది.

ఈ ప్రమాణాలు అప్పటి నుంచి చాలాసార్లు మారాయి. 2017 సవరణ తర్వాత, తగిన లక్షణాలూ మచ్చలూ ఉన్నప్పుడు, వెన్ను నుంచి తీసిన ద్రవంలో కొన్ని ప్రత్యేక ప్రోటీన్లు కనబడితే రెండో దాడి కోసం ఆగకుండానే పేరు చెప్పే వీలు కలిగింది. కనుక ఈనాటి రోగి ఎదురుచూసే కాలం ఆనాటి కంటే తగ్గింది. అయినా అందరికీ సున్నా కాలేదు.

తొందరపడి పేరు పెడితే నష్టమేమిటి? దీనికి ఒక ఉదాహరణ చెబుతాను. కంటి నాడినీ, వెన్నుపామునూ దెబ్బతీసే న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే జబ్బును చాలాకాలం మల్టిపుల్ స్క్లీరోసిస్‌లో ఒక రకమనే అనుకునేవారు. 2004లో, అంటే నేను ఎదురుచూస్తున్న ఆ సంవత్సరంలోనే, అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు ఆ రోగుల రక్తంలో ఒక ప్రత్యేకమైన యాంటీబాడీని గుర్తించినట్టు ప్రకటించారు. రెండూ వేరు వేరు జబ్బులని తేలింది. ఒకదానికి పనిచేసే ఇంటర్‌ఫెరాన్ మందు రెండోదానికి హాని చేయగలదని కూడా తరువాత తెలిసింది. తప్పు పేరుతో తప్పు మందు వస్తుంది. "నాకింకా తెలియదు" అని చెప్పగల వైద్యుడు ఒక్కోసారి మనల్ని కాపాడుతున్నాడని దీనివల్ల గ్రహించాలి.

ఖాళీ చోటులో పుట్టే కథలు

డుమస్ తీరం గురించి మీరొక మాట విని ఉండవచ్చు. అక్కడ దయ్యాలు తిరుగుతాయని దేశమంతా చెప్పుకుంటారు. ఒకప్పుడు అది శ్మశానమనీ, చితాభస్మం కలిసి ఇసుక నల్లబడిందనీ కథ. తాపీ నది దక్కన్ నల్లరాతి నేలల గుండా ప్రవహించి, ఇనుము కలిసిన నల్లని ఖనిజ రేణువులను సముద్రానికి తెస్తుంది. ఇసుక రంగుకు ఆ సంగతి చాలు. కాని కారణం తెలియని చోటును మనసు ఖాళీగా ఉండనివ్వదు. చీకట్లో తాడును చూసి పాము అనుకోవడం మనకు అలవాటే.

శరీరం విషయంలోనూ ఇంతే. కారణం తెలియని లక్షణం వచ్చిందంటే ఇంటింటా ఒక పేరు సిద్ధంగా ఉంటుంది: గాలి సోకింది, దిష్టి తగిలింది, ఎవరో ఏదో చేయించారు. సూరత్‌లో మా వదిన పక్కింటివాళ్ళు ఒక భువా పేరు చెప్పారు. గుజరాత్‌లో భూతవైద్యం చేసేవారిని భువా అంటారు. "ఒక్కసారి చూపిద్దాం తమ్మీ, పోతే మనకేం పోతది?" అంది వదిన. ఆమెది ప్రేమే. పోయేదేమిటో ఆమెకు తెలియదు. పోయేది కాలం. నరాల జబ్బుల్లో కొన్నింటికి మొదటి గంటలు, మొదటి రోజులు చాలా విలువైనవి.

చదువుకున్నవాళ్ళం మనకు మరో భువా ఉన్నాడు. అతను ఫోనులో ఉంటాడు. "కాలు తిమ్మిరి" అని వెతికితే అరగంటలో మెదడు కణితి దాకా తీసుకువెళతాడు. ఆ పేజీలన్నీ అబద్ధాలని నేను అనను. అవి జబ్బుల గురించి చెబుతాయి, మన గురించి చెప్పవు. దూదితో తాకి చూడడం వాటికి రాదు.

ఒక ఊరు ఊరంతా ఇటువంటి స్థితిని అనుభవించిన సందర్భం మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. 2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు పట్టణంలో ఉన్నట్టుండి జనం ఫిట్స్ వచ్చి పడిపోసాగారు. కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా ఆసుపత్రికి చేరారు. కొందరికి తలనొప్పి, కొందరికి వాంతులు, కొందరికి కాసేపు ఏమీ గుర్తులేకపోవడం. అది కోవిడ్ కాలం. ఆ పరీక్షల్లో ఏమీ తేలలేదు. ఏమిటీ జబ్బు అని రాష్ట్రమంతా అడిగింది. జవాబు వెంటనే రాలేదు. కాని వైద్యులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఫిట్స్‌కు మందు ఇచ్చారు, కనిపెట్టి చూశారు. చాలామంది త్వరగా కోలుకుని ఇళ్ళకు వెళ్ళారు. మరోవైపు ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, నీరీ వంటి సంస్థలు రక్తం, నీరు, పాలు, కూరగాయల నమూనాలు తీసుకున్నాయి. కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. చివరకు పురుగుమందుల అవశేషాలు ప్రధాన కారణం కావచ్చునని నిపుణులు ప్రభుత్వానికి నివేదించారు.

ఈ సంఘటనలో మనం గమనించవలసినవి రెండు. పేరు తెలియకపోయినా చికిత్స మొదలు పెట్టవచ్చు. ఎవరెవరు ఏం తిన్నారు, ఏం తాగారు, ఎప్పుడు పడిపోయారు అని ఓపికగా రాసుకోవడం వల్లనే కారణం దిశగా దారి దొరికింది.

ఒక రోగి రాసుకున్న డైరీ

రాసుకోవడం గురించి మరో ముచ్చట. ఇంగ్లండు రాజు మూడో జార్జి మనుమల్లో ఆగస్టస్ డెస్టే అనే ఆయన ఉండేవాడు. 1822 డిసెంబరులో, 28 ఏళ్ళ వయసులో, ఒక ఆప్తుడి మరణం తర్వాత ఆయన చూపు మసకబారింది. ఉత్తరాలు ఇతరులు చదివి వినిపించవలసి వచ్చింది. కొంతకాలానికి ఏ మందూ లేకుండానే చూపు తిరిగి వచ్చింది. కొన్నేళ్ళకు ఒక వస్తువు రెండుగా కనబడింది, కాళ్ళు బలహీనపడ్డాయి, మొద్దుబారాయి. వైద్యులు తలా ఒక మాట చెప్పారు, తలా ఒక చికిత్స చేశారు. ఆయన మాత్రం ఏ రోజు ఏ బాధ ఎలా వచ్చిందో, ఎలా తగ్గిందో ఏళ్ళ తరబడి రాస్తూ పోయాడు. 1848లో మరణించాడు. బతికి ఉండగా తన జబ్బు పేరు ఆయనకు తెలియలేదు. ఫ్రెంచి వైద్యుడు షార్కో ఆ జబ్బుకు స్పష్టమైన రూపం ఇచ్చింది 1868లో. ఆ డైరీ 1948లో పుస్తకంగా వచ్చింది. దాన్ని చదివిన వైద్యులు అందులోని జబ్బు మల్టిపుల్ స్క్లీరోసిస్ అని గుర్తుపట్టారు. ఆయన ఏ సిద్ధాంతమూ చేయలేదు. చూసింది చూసినట్టు రాశాడు. అందుకే వందేళ్ళ తర్వాత కూడా ఆ రాత పనికివచ్చింది.

నేనూ ఒక నోటు పుస్తకం పెట్టాను. ప్రయోగశాల రికార్డులో పరిశీలనల పట్టిక వేస్తారే, అలా గీతలు గీశాను. మీకుగాని, మీ ఇంట్లో ఎవరికైనా గాని అవసరమైతే ఇలా రాయండి:

1. తేదీ, సమయం. లక్షణం మొదలైంది ఎప్పుడు, ఎంతసేపు ఉంది.

2. శరీరంలో సరిగ్గా ఎక్కడ. "కాలు" అని రాయవద్దు. "ఎడమ పాదం, చీలమండ దాకా" అని రాయండి.

3. అప్పుడు ఏం చేస్తున్నారు. నిద్ర, జ్వరం, ఎండ, ఉపవాసం, పరీక్షల ఒత్తిడి వంటివి.

4. ఏ పని చేయలేకపోయారు. "భరించలేని బాధ" అనే మాట కంటే "చొక్కా గుండీలు పెట్టుకోవడానికి 4 నిమిషాలు పట్టింది" అనే మాట వైద్యుడికి ఎక్కువ చెబుతుంది.

5. వాడుతున్న మందులన్నీ. నాటు మందులు, చూర్ణాలు, బలానికి వాడే పొడులు కూడా దాచకుండా రాయాలి. మాంసాహారం తినరా, పాలు తాగరా అనేదీ చెప్పాలి. బి12 లోపం శాకాహారుల్లో ఎక్కువగా కనబడుతుంది, సకాలంలో గుర్తిస్తే చికిత్స సులువు.

ఫిట్స్ గాని, వింత కదలికలు గాని వస్తుంటే పక్కనున్నవారు ఫోనులో వీడియో తీయడం ఎంతో మేలు. ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆ కదలిక ఆగిపోతుంది, వీడియో మిగులుతుంది. వీడియో తీస్తూ రోగిని వదిలేయకూడదు సుమా! ఒకరు పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, మరొకరు తీయాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు, చేతిలో తాళాలగుత్తి పెట్టనవసరం లేదు.

ఒక హెచ్చరిక. రోజుకు ఒక్కసారే రాయండి, ఐదు వరుసలు మించవద్దు. మొదటి వారం నేను గంటకోసారి సూదితో పాదం గుచ్చి చూసుకునేవాణ్ణి. చూసిన కొద్దీ కొత్త తిమ్మిర్లు కనిపించాయి. దేని మీద దృష్టి పెడితే ఆ అనుభూతిని మెదడు పెద్దది చేసి చూపిస్తుంది. రాత్రి అన్నం తిన్నాక ఐదు వరుసలు రాసి పుస్తకం మూసేయడం అలవాటు చేసుకున్నాక నాకు నిద్ర పట్టింది.

ఆ మూడు నెలలు

పాఠాలు చెప్పడం మానలేదు. నిలబడి కాకుండా కుర్చీలో కూర్చుని చెప్పాను. ఎందుకని విద్యార్థులు అడిగితే ఉన్నది చెప్పాను: "కాలికి స్పర్శ తగ్గింది, కారణం వెతుకుతున్నారు." పేరు లేకపోయినా చెప్పదగ్గ వాక్యం ఒకటి ఉంటుందని అప్పుడు తెలిసింది. మీ స్నేహితులకు, అధ్యాపకులకు మీరూ అటువంటి వాక్యం ఒకటి తయారు చేసుకోండి. పరీక్షల్లో అదనపు సమయమో, కింది అంతస్తులో గదో కావాలంటే అడగడానికి సిగ్గుపడవద్దు.

ఆ వేసవిలో మరో భయం పట్టుకుంది. ఎండలో నడిచి వచ్చినప్పుడల్లా కాలు మళ్ళీ మొద్దుబారేది. జబ్బు తిరగబెట్టిందనుకున్నాను. మైలిన్ దెబ్బతిన్న నాడిలో ఒంటి వేడి కొద్దిగా పెరిగినా వార్త ఆగిపోతుందనీ, చల్లబడితే మళ్ళీ నడుస్తుందనీ వైద్యుడు వివరించారు. 1890లో ఉఠోఫ్ అనే జర్మన్ కంటివైద్యుడు దీన్ని గుర్తించాడు. దానివల్ల కొత్త దెబ్బ తగలదు. ఆ సంగతి తెలిసిన రోజు నేను నెత్తిన తడి తువ్వాలు వేసుకుని నిశ్చింతగా ఇంటికి నడిచాను.

భయం ఉండడం తప్పు కాదు. రాత్రులు నిద్ర లేకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం వారాల తరబడి సాగితే దానికీ సహాయం తీసుకోవాలి. 2022 నుంచి నడుస్తున్న టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

మరొక మాట. కొన్నిసార్లు పరీక్షలన్నీ బాగున్నాయని తేలుతుంది, లక్షణం మాత్రం పోదు. అప్పుడు ఇంట్లోవాళ్ళు "నీకేం లేదు, అంతా నటన" అంటారు. ఇది పెద్ద అన్యాయం. నాడులు చెడకుండానే మెదడు వాటిని నడిపే తీరులో లోపం రావచ్చు. దీన్ని ఫంక్షనల్ నాడీ రుగ్మత అంటారు. దానికి తనవైన గుర్తులున్నాయి. ఉదాహరణకు, చచ్చుబడిందన్న కాలు, రెండో కాలు ఎత్తమన్నప్పుడు తెలియకుండానే మంచాన్ని గట్టిగా కిందికి నొక్కుతుంది. హూవర్ అనే వైద్యుడు 1908లో చెప్పిన పరీక్ష ఇది. ఆ రోగి కావాలని చేస్తున్నది కాదు. ఫిజియోథెరపీతో, సరైన వివరణతో చాలామందికి గుణం కనిపిస్తుంది.

ఆగకూడని సమయాలు

ఎదురుచూడడం వైద్యుడు చూసిన తర్వాతి మాట. ఈ కింది వాటిలో ఏది కనబడినా ఎదురుచూడరాదు. 108కి ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి చేరాలి:

1. ఉన్నట్టుండి మూతి వంకర పోవడం, ఒక చేయి లేదా కాలు పడిపోవడం, మాట తడబడడం. ఇది పక్షవాతం కావచ్చు. రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇవ్వాలి.

2. కాళ్ళ నుంచి పైకి పాకే బలహీనత, మింగడం లేదా ఊపిరి తీయడం కష్టం కావడం. గిలియన్-బారే సిండ్రోమ్ వంటి జబ్బుల్లో ఇది ప్రాణాపాయం.

3. ఐదు నిమిషాలు దాటినా ఆగని ఫిట్స్, లేదా స్పృహ రాకుండానే మళ్ళీ రావడం.

4. జ్వరంతో పాటు తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, మాటలో పొంతన లేకపోవడం.

5. మూత్రం, మలం మీద పట్టు తప్పడం, రెండు కాళ్ళూ పట్టు తప్పడం.

6. ఒక కంటి చూపు హఠాత్తుగా పోవడం.

ఈ ఆరింటినీ ఒక కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ కనబడేలా గోడకు అంటించండి. నేను అంటించాను. ఏ భయానికి పరుగెత్తాలో, ఏ భయాన్ని పక్కన పెట్టవచ్చో ఆ కాగితం చెప్పేది. మిగిలిన సమయంలో మనసు కొంత తేలికపడింది.

ముగింపు

మూడు నెలల తర్వాత తీసిన చిత్రంలో కొత్త మచ్చ లేదు. ఏడాది తర్వాతా లేదు. మరికొన్నేళ్ళు చూసి, కొత్తగా ఏదైనా వస్తేనే రమ్మన్నారు. ఇరవై ఏళ్ళు దాటాయి. నాకు వచ్చినదానికి "వెన్నుపాములో ఒక్కసారి వచ్చిన వాపు" అనే వర్ణన తప్ప అంతకు మించిన పేరు ఈనాటికీ లేదు. నాలాగే పరీక్షలు చేయించుకున్న మరొకరికి పేరు వస్తుంది. వస్తే దానికి ఈనాడు మంచి మందులున్నాయి. ఎంత త్వరగా మొదలు పెడితే అంత మేలు. అందుకే పిలిచిన తేదీకి తప్పక వెళ్ళాలి. బాధ తగ్గింది కదా అని రెండో పరీక్ష మానేయడమే ఎదురుచూసేవారు చేసే పెద్ద పొరపాటు.

నిరుడు మళ్ళీ డుమస్ వెళ్ళాను. ఎడమ అరికాలిలో రూపాయి బిళ్ళంత చోట ఇసుక ఇంకా తెలియదు. మిగతా పాదమంతటికీ తెలిసింది. కుడి కాలికి నీళ్ళు చల్లగా తగిలాయి.

చేసి చూడండి

1. వృత్తలేఖిని రెండు మొనలను 3 మిల్లీమీటర్ల దూరంలో ఉంచి, కళ్ళు మూసుకున్న మీ మిత్రుడి వేలికొన మీద మెల్లగా ఆనించండి. ఒకటా, రెండా? అదే దూరంతో వీపు మీద ఆనించండి. వీపు మీద రెండు మొనలుగా తెలియడానికి ఎంత దూరం కావాలో కొలిచి పట్టికలో రాయండి. 19వ శతాబ్దంలో వెబర్ అనే శాస్త్రజ్ఞుడు ఇటువంటి కొలతలే తీశాడు.

2. మీ పాఠశాలలోని శృతిదండాన్ని మోగించి దాని కాడను చీలమండ ఎముక మీద ఆనించండి. ఎన్ని సెకన్లు కంపనం తెలిసిందో రెండు కాళ్ళకూ విడివిడిగా రాయండి. మీ తాతగారి కాలికి ఎన్ని సెకన్లు తెలిసిందో కూడా పోల్చి చూడండి. వయసుతో ఇది కొంత తగ్గడం సహజం.

3. మీ ఇంట్లో ఎవరికైనా తలనొప్పి గాని, తిమ్మిరి గాని తరచుగా వస్తుంటే, పైన చెప్పిన ఐదు అంశాలతో వారం రోజుల పట్టిక తయారు చేయండి. దానికి మీరు పేరు పెట్టవద్దు. పట్టికను వైద్యుడికి చూపించండి.